ఊరి కొలతకు కట్టిన చర్చి

ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టలున్నాయి. ఆ గుట్టల నడుమ ఒక లోయ అడుగున కప్పు లేని చర్చి ఒకటుంది. దాని పేరు సెయింట్ మార్టిన్స్, ఊరి పేరు వారమ్ పెర్సీ. ఊరని అన్నానే గానీ, 1500 ప్రాంతంలోనే ఆ ఊరు ఖాళీ అయిపోయింది. చర్చికి పడమటి వైపు గట్టు మీద పచ్చగడ్డి తప్ప ఏమీ కనపడదు. కాసేపు నిలబడి చూస్తే ఆ గడ్డి కిందే ఇళ్ల పునాదులు, దొడ్ల హద్దులు, బండ్లు తిరిగిన బాటలు మెరకపల్లాలుగా ఆనవాలు పడతాయి. ఎండ ఏటవాలుగా పడే వేళల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తాయి.

చర్చి పొడవాటి గోడకు దగ్గరగా వెళ్లి చూడాలి. గోడలో వరసగా కమానులు ఉంటాయి. ఒకప్పుడు ఆ కమానుల కిందుగా జనం పక్క వసారాలోకి వచ్చిపోయేవాళ్లు. ఇప్పుడు కమాను కింద ఖాళీ లేదు, రాళ్లు పేర్చి మూసేశారు. కమాను రాళ్లు ఉలితో నున్నగా చెక్కినవి, ఒకదానికొకటి అతికినట్టు కూర్చున్నవి. మూసిన రాళ్లు అలా కావు. చిన్నవీ పెద్దవీ, ఎక్కడెక్కడివో తెచ్చి సున్నం పెట్టి సర్దినవి. ఆ అడ్డుగోడలోనే వెలుతురు కోసం కిటికీ అమర్చారు. చదువు రానివాళ్లకైనా ఆ గోడ చూస్తే జరిగింది అర్థమవుతుంది. జనం పెరిగినప్పుడు గోడ తొలిచి కమానులు నిలబెట్టి వసారా వేశారు. జనం తగ్గినప్పుడు వసారా విప్పేసి కమానులు పూడ్చారు.

వాస్తుశిల్ప చరిత్రలు మొదటి పని గురించే ఎక్కువ రాస్తాయి. ఫలానా రాజు కాలంలో ఇది కట్టారు, ఫలానా శైలి ఇక్కడికి వచ్చింది అని. నాకు రెండో పని మీద గౌరవం ఎక్కువ. ఊరు చిక్కిపోతోందని ఒప్పుకుని, ఉన్నంత మందికి సరిపడేలా దేవుడి ఇంటిని తగ్గించుకుని, తగ్గించినచోట కూడా వెలుతురు తగ్గకుండా కిటికీ పెట్టుకోవడం మామూలు పని కాదు. మధ్యయుగపు ఊరి చర్చిని నేను ఒక నిర్మాణంగా కన్నా, కొన్ని వందల ఏళ్లపాటు ఒక ఊరు తనను తాను కొలుచుకున్న తీరుగా చూస్తాను.

ఆ కట్టడపు తీరు కొంచెం చెప్పుకోవాలి. ఊరి చర్చికి ముఖ్యంగా రెండు భాగాలు. జనం నిలబడే పెద్ద గది నేవ్. దానికి తూర్పున, కాస్త ఇరుకుగా, బలిపీఠం ఉండేది ఛాన్సెల్. మొదట్లో రెండు గదులూ మధ్యలో ఒక కమానూ ఉంటే చర్చి అయిపోయినట్టే. జనం పట్టకపోతే నేవ్‌కు ఒక పక్కన వసారా దింపుతారు, ఇంకా పట్టకపోతే రెండో పక్కనా. డబ్బుంటే పడమటి కొసన గంట గోపురం. చాలా చోట్ల మధ్యయుగం చివరి దాకా కూర్చునే బల్లల్లేవు. నేల మీద గడ్డి పరుచుకునేవాళ్లు. నిలబడలేని ముసలివాళ్ల కోసం గోడ వెంట రాతి అరుగు ఉండేది. పూజ లాటిన్‌లో జరిగేది. దున్నుకుని బతికే ఊరివాళ్లకు ఆ మాటలు అర్థమయ్యేవి కావు, గోడల మీది బొమ్మలు అర్థమయ్యేవి. నేవ్‌కూ ఛాన్సెల్‌కూ మధ్య కమాను మీద చాలా ఊళ్లలో తీర్పు దినం బొమ్మ వేయించేవాళ్లు. ఒక పక్క స్వర్గానికి నడిచేవాళ్లు, ఇంకో పక్క దయ్యాలు ఈడ్చుకుపోయేవాళ్లు. ఫాదరు ఏం చదువుతున్నా, జనం కళ్లు ఆ బొమ్మ మీదే ఉండి ఉంటాయి.

వారమ్ పెర్సీలో మొదట, 10వ శతాబ్దంలో, చెక్కతో కట్టిన చిన్న చర్చి ఉండేదని తవ్విచూసిన పండితులు తేల్చారు. ఆ తర్వాత చిన్న రాతి చర్చి, 12వ శతాబ్దంలో దానికంటే పెద్దది. అదే శతాబ్దం చివరికొచ్చేసరికి దక్షిణాన వసారా. 13వ శతాబ్దంలో ఉత్తరాన ఇంకొకటి. ఆ తర్వాత ఈశాన్యాన ఒక ప్రార్థన గది. మూడొందల ఏళ్లపాటు ప్రతి రెండు మూడు తరాలకు ఒకసారి ఇక్కడ మేస్త్రీలు పరంజాలు కట్టారన్నమాట. ఒక్క ఊరికి ఇంత చోటు ఎందుకని అడగొచ్చు. ఈ చర్చి ఒక్క వారమ్ పెర్సీది కాదు. తిక్సెన్‌డేల్, రైస్‌తోర్ప్, టౌతోర్ప్, బర్డేల్ అనే మరో నాలుగు పల్లెలకూ ఇదే చర్చి. ఆ అయిదు పల్లెల్లో ఎక్కడ బిడ్డ పుట్టినా బాప్తిస్మానికి ఇక్కడికే తేవాలి, ఎవరు పోయినా ఇక్కడి మట్టిలోనే పెట్టాలి. తిక్సెన్‌డేల్ నుంచి గుట్టలు ఎక్కి దిగి రావాలంటే మైళ్ల నడక. చలికాలంలో శవపేటిక భుజాన వేసుకుని ఆ దారిన నడిచినవాళ్లకు ఆ చర్చి మీద ఎంత హక్కు ఉండేదో ఆలోచించండి.

హక్కుతో పాటు ఖర్చూ ఉండేది. ఇంగ్లండులో 13వ శతాబ్దానికల్లా ఒక పద్ధతి స్థిరపడింది. ఛాన్సెల్ మరమ్మతు చర్చికి వచ్చే దశమ భాగం పుచ్చుకునేవాడిది. నేవ్ మరమ్మతు ఊరి జనానిది. కప్పు కారితే, గోడ బీటలు వారితే, గంట పగిలితే ఊరే చూసుకోవాలి. అందుకే చాలా చర్చిల్లో ఛాన్సెల్ ఒక కాలానిది, నేవ్ ఇంకో కాలానిది అయి ఉంటుంది. ఒకే చూరు కింద రెండు జేబులు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఏ పాత చర్చిలోకి వెళ్లినా నేను ముందుగా ఆ రెంటికీ మధ్య అతుకు ఎక్కడుందో వెతుకుతాను. రాయి రంగు మారుతుంది, కప్పు ఎత్తు మారుతుంది, కిటికీ తీరు మారుతుంది. అక్కడ ఊరివాళ్లకూ దశమ భాగపు హక్కుదారుకూ మధ్య జరిగిన బేరసారాలు మనం ఊహించుకోవచ్చు.

ఊరివాళ్ల జేబు ఎలా నిండేదో వారమ్ పెర్సీ గోడలు చెప్పవు. అది తెలుసుకోవాలంటే నైరుతి ఇంగ్లండుకు, డెవాన్‌లోని మోర్‌బాత్ అనే ఊరికి పోవాలి. అక్కడ మనకు కాగితాలు దొరికాయి. ముప్పై మూడు కుటుంబాల ఊరు. 1520లో క్రిస్టఫర్ ట్రిక్కీ అనే ఫాదరు అక్కడికి వచ్చాడు. 1574 వరకు, అంటే యాభై నాలుగేళ్లు, అక్కడే ఉన్నాడు. చర్చి జమాఖర్చులు తన చేత్తో రాసి ఊరందరి ముందు చదివి వినిపించేవాడు. ఎవరెంత ఇచ్చారు, ఎవరు బాకీ, దేనికి ఖర్చయింది అన్నీ అందులో ఉన్నాయి. ఐర్లండులో పుట్టిన చరిత్రకారుడు ఏమన్ డఫీ ఆ లెక్కల పుస్తకాన్ని ఆధారం చేసుకుని 2001లో ఒక పుస్తకమే రాశాడు. లెక్కల పుస్తకం నుంచి మనుషుల గొంతులు వినిపించవచ్చని నాకు చూపించిన పుస్తకం అది.

మోర్‌బాత్ చర్చిలో ఒక్కో పునీతుడి ముందు దీపం వెలగడానికి ఒక్కో నిధి ఉండేది. పెళ్లికాని కుర్రాళ్లకు ఒక నిధి, కన్నెపిల్లలకు ఒకటి, మేరీమాత పేరున ఒకటి, ఎక్సెటర్ ప్రాంతపు పునీతురాలు సిడ్‌వెల్ పేరున ఒకటి. చాలా నిధులంటే పెట్టెలో డబ్బు కాదు, గొర్రెలు. చర్చి గొర్రెలను ఇంటింటికీ పంచి పెట్టేవాళ్లు. ఒకరింట్లో మేరీమాత గొర్రె, ఇంకొకరింట్లో సిడ్‌వెల్ గొర్రె. తమ మందతో పాటు దాన్నీ మేపి, ఉన్ని కత్తిరించి, అమ్మిన డబ్బు చర్చికి లెక్క చెప్పాలి. గొర్రె చస్తే అదీ లెక్కలో రాసేవాడు ఫాదరు. ఊళ్లో దాదాపు ప్రతి ఇంటి దొడ్లోనూ చర్చికి చెందిన ప్రాణి ఒకటి ఉండేదన్నమాట. కుర్రాళ్లూ ఆడపిల్లలూ కూడా తమ నిధికి తామే పెద్దలు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఊరందరి ముందు నిలబడి జమాఖర్చు ఒప్పజెప్పేవాడు. ఇంతకంటే లోతుగా ఒక కట్టడం ఊరి బతుకులోకి ఎలా చొచ్చుకుపోగలదో నాకు తెలియదు.

ట్రిక్కీకి ఒక కోరిక ఉండేది. చనిపోయినవాళ్ల పూజకు నల్లని మంచి వస్త్రాలు కావాలి. తనకు న్యాయంగా రావలసిన చిన్న చిన్న రుసుములను వదులుకుని ఇరవై ఏళ్లకు పైగా కూడబెట్టాడు. 1547లో ఆ వస్త్రాలు వచ్చాయి. ఆ ఏడే ఎనిమిదో హెన్రీ చనిపోయి అతని కొడుకు ఎడ్వర్డ్ గద్దెనెక్కాడు. కొత్త ప్రభుత్వం పునీతుల దీపాలు ఆర్పించింది, బొమ్మలు తీయించింది, చనిపోయినవాళ్ల కోసం చేసే పూజలను నిషేధించింది. ఇరవై ఏళ్ల కోరిక తీరిన మరుక్షణం నేరమైపోయింది. గొర్రెల నిధులు మూతపడ్డాయి, చర్చి అప్పుల్లో పడింది. 1549లో పడమటి జిల్లాలు కొత్త ప్రార్థన పుస్తకానికి ఎదురు తిరిగినప్పుడు ఈ చిన్న ఊరు అయిదుగురు కుర్రాళ్లకు ఖర్చులిచ్చి తిరుగుబాటుదారుల శిబిరానికి పంపింది. ఆ ఖర్చూ లెక్కల పుస్తకంలో ఉంది. తర్వాత మేరీ రాణి వచ్చి పాత మతాన్ని తిరిగి తెచ్చినప్పుడు, ఊరివాళ్లు తమ ఇళ్లలో దాచిన చర్చి సామాన్లు ఒక్కొక్కటే తెచ్చి అప్పగించారు. ఎవరు ఏది తెచ్చారో ట్రిక్కీ సంతోషంగా రాసుకున్నాడు. తర్వాత ఎలిజబెత్ వచ్చింది, మళ్లీ అన్నీ మారాయి. ట్రిక్కీ మాత్రం చర్చిని వదలలేదు. అతను అవకాశవాది అని కొందరు అనవచ్చు. నేను అనను. ముప్పై మూడు కుటుంబాలను నడిరోడ్డు మీద వదిలి వెళ్లలేకపోయిన మనిషి అతను.

మోర్‌బాత్‌లో చర్చిని గొర్రెలు నిలబెట్టాయి. వారమ్ పెర్సీలో ఊరిని గొర్రెలే ఖాళీ చేయించాయి. ఆ రెండో కథకు ముందు ప్లేగు సంగతి చూడాలి. ఎందుకంటే ఇంగ్లండులో పాడుబడ్డ ఊరు ఎక్కడ కనపడినా, ప్లేగు వచ్చి అంతా చచ్చిపోయారని చెప్పడం అలవాటు. 1348లో దేశంలో అడుగుపెట్టి ఏడాదిన్నరలో సుమారు సగం మందిని మింగిన మాయరోగం అది. దాని మీద ఏ నేరం మోపినా జనం నమ్ముతారు.

అయితే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌వెల్ చర్చికి వెళ్లి చూస్తే ఆ నమ్మకం సడలుతుంది. ఆ చర్చి గంట గోపురం ఎత్తు 176 అడుగులు. ఒక పల్లెకు అంత గోపురం అవసరమా అనిపిస్తుంది. ఆష్‌వెల్ అప్పట్లో వెస్ట్‌మిన్‌స్టర్ మఠానికి చెందిన, సంత జరిగే ఊరు. 14వ శతాబ్దంలో ఆ గోపురం పని జరుగుతున్న కాలంలోనే ప్లేగు వచ్చింది. గోపురం అడుగున ఉత్తరపు గోడ మీద ఎవరో మొనదేలిన పనిముట్టుతో లాటిన్‌లో గీకిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. 1350 నాటి దురవస్థను, బతికి బట్టకట్టిన కొద్దిమంది అడుగుబొడుగు జనాన్ని అవి చెబుతాయి. వాటి కిందే, ప్లేగు రెండోసారి తిరిగొచ్చిన కాలంలో సెయింట్ మారస్ పండగ నాడు ఉరిమిన పెనుగాలి సంగతి ఉంది. 1361 అని రాశారు, మన లెక్కలో 1362 జనవరి 15. అప్పట్లో వాళ్లకు కొత్త ఏడాది మార్చిలో మొదలయ్యేది. అదే చర్చి గోడల మీద మరో చోట లండన్‌లోని పాత సెయింట్ పాల్స్‌ను పోలిన బొమ్మ ఉంది. ఒక స్తంభం మీద ఎవరో మూలల అతుకులు సరిగా కుదరలేదని విసుక్కుంటూ గీకిన మాటలూ ఉన్నాయి.

నన్ను కదిలించేది ఆ గీతల్లోని దుఃఖం కంటే అవి ఉన్న చోటు. చుట్టూ జనం పోతున్నా గోపురం పని మానలేదు. మేస్త్రీలు కరువై కొన్నాళ్లు ఆగి ఉంటుంది, కూలి రేట్లు పెరిగి ఉంటాయి. అయినా పైపైకి లేచింది. అంటే జనాభా తగ్గగానే చర్చి తగ్గుతుందనే లెక్క అన్నిచోట్లా చెల్లదు. డబ్బున్న మఠం అండ, సంత ఆదాయం ఉంటే సగం ఊరు పోయినా గోపురం పెరుగుతుంది. అవేవీ లేనిచోట కొద్దిమంది పోయినా వసారా బరువైపోతుంది. మధ్యయుగపు ఊరి చర్చిలను వరసపెట్టి చూస్తే శైలుల చరిత్ర కంటే ముందు నాకు ఈ ఎగుడుదిగుడులే కనిపిస్తాయి.

వారమ్ పెర్సీలోనూ ప్లేగు మనుషులను తీసుకుపోయింది గానీ ఊరిని తీసుకుపోలేదు. ఆ తర్వాత మరో నూట యాభై ఏళ్లు అక్కడ పొయ్యిలు వెలిగాయి. ఊరిని ఖాళీ చేయించింది లెక్క తెలిసిన భూస్వాములు. ప్లేగు తర్వాత కూలి పెరిగింది, ధాన్యం ధర పడిపోయింది. ఉన్నికి మాత్రం గిరాకీ ఉంది. దుక్కికి పది మంది కావాలి, మందకు ఒక కాపరీ కుక్కా చాలు. 15వ శతాబ్దం పొడుగునా దున్నే నేలలు ఒక్కొక్కటే బీడుగా మారాయి. ఇళ్లు ఖాళీ అయితే మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. రాజుకు కూడా భయం వేసి 1489లో ఊళ్లు ఖాళీ చేయించకూడదని చట్టం చేశారు. 1517లో అప్పటి రాజు మంత్రి కార్డినల్ వుల్సీ విచారణ సంఘాలను జిల్లాల మీదికి పంపాడు. ఆ విచారణలో వారమ్ పెర్సీ గురించి ఉన్నది చిన్న నమోదు మాత్రమే. హిల్టన్ ప్రభువు నాలుగు నాగళ్లు ఆపించాడు, నాలుగు ఇళ్లు పడిపోనిచ్చాడు అని. నాలుగు ఇళ్లు! అయిదు శతాబ్దాలకు పైగా నిలిచిన ఊరు చివరికి నాలుగు ఇళ్లకు వచ్చి, ఆ నాలుగూ ఒక గుమాస్తా రాసిన వాక్యంలో ముగిశాయి. ఆ కుటుంబాలు ఎటు పోయాయో ఎవరూ రాయలేదు.

రెండు పక్క వసారాలూ మధ్యయుగం ముగిసేలోపు పోయాయి. అక్కడితో చర్చి పనీ అయిపోవాలి కదా. ఈ చర్చి కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి నిలిపే భాగం ఇక్కడే మొదలవుతుంది. ఊరు లేదు, చర్చి ఉంది. తిక్సెన్‌డేల్ మిగిలింది, అక్కడి జనం గుట్టలు దాటి వస్తూనే ఉన్నారు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు అన్నీ ఈ గొర్రెల బీడు నడుమే. 17వ శతాబ్దంలో ఛాన్సెల్‌ను కూడా పొట్టిగా చేసి కొత్త గోడ పెట్టారు. ఛాన్సెల్ ఖర్చు దశమ భాగం తినేవాడిది అని ముందే చెప్పుకున్నాం. ఈ చర్చి ఆదాయం 14వ శతాబ్దంలో హాల్టెంప్రైస్ అనే మఠానికి పోయింది. ఎనిమిదో హెన్రీ మఠాలు రద్దు చేశాక ఆ హక్కు కాషాయం కట్టని చేతుల్లోకి వెళ్లింది. పొడుగు ఛాన్సెల్‌కు కప్పు వేయించడం కంటే కొంత కూల్చడమే చౌక అని అప్పటి హక్కుదారు అనుకుని ఉంటాడని నా ఊహ. నేవ్‌ను ఊరు తగ్గించుకుంటే, ఛాన్సెల్‌ను హక్కుదారు తగ్గించుకున్నాడు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు తగ్గింపులు ఒక్కటి కావు. మొదటిది ఉన్నవాళ్లు ఉన్నంతలో సర్దుకోవడం, రెండోది పీనాసితనం. రాయి మాత్రం రెంటినీ ఒకేలా మోసింది.

19వ శతాబ్దంలో అక్కడి పెద్ద భూస్వామి సర్ టాటన్ సైక్స్ తిక్సెన్‌డేల్‌లోనే కొత్త చర్చి కట్టించాడు. 1870లో పూర్తయింది. శిల్పి జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్, లండన్ న్యాయస్థానాల భవనానికి నమూనా గీసిన మనిషి. మైళ్లు నడిచే జనానికి అది పెద్ద ఉపకారం. వారమ్ పెర్సీ చర్చికి మాత్రం అదే దెబ్బ. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి పూజలు ఆగిపోయాయి. కప్పు సీసాన్ని దొంగలు ఎత్తుకెళ్లారు, వాన లోపలికి దిగింది, 1959లో గంట గోపురం సగానికి కూలింది. మిగిలిన సగం నిట్టనిలువుగా చీల్చినట్టు నిలబడి ఉంది. లోపలి గోడ మందం, మధ్యలో కూరిన రాతి ముక్కలు బయటి నుంచే కనిపిస్తాయి. మధ్యయుగపు గోడ అంటే నిండా చెక్కిన రాయే అనుకునేవాళ్లకు అది మంచి పాఠం. చెక్కిన రాయి లోపలా బయటా తొడుగు మాత్రమే. నడుమ ఉండేది రాళ్ల పొట్టూ సున్నమే. తొడుగు ఎక్కడైనా విడిపోయి నీరు దిగిందంటే లోపలిదంతా జారిపోతుంది.

స్ట్రీట్ కట్టిన తిక్సెన్‌డేల్ చర్చిని చూస్తే మరో సంగతి తడుతుంది. అతని తరం శిల్పులు మధ్యయుగపు ఊరి చర్చిలను కొలిచి, గీసి, వాటి పోలికతోనే కొత్తవి కట్టారు. మొనదేలిన కమాను, సన్నని పొడుగు కిటికీ, నేవ్, ఛాన్సెల్, గంట గోపురం. ఆ పద్ధతే ఓడలెక్కి మన దేశానికీ వచ్చింది. మెదక్ చర్చి లోపల నిలబడి తల పైకెత్తినవాళ్లు చూసేది ఆ వంశానికి చెందిన కమానులనే. మిషనరీ చార్లెస్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించిన చర్చి. గోపురం ఎత్తు 175 అడుగులు, ఆష్‌వెల్ కంటే ఒక్క అడుగు తక్కువ. కరువు రోజుల్లో పని చేసినవాళ్లకు తిండి పెట్టి కట్టించారని మెదక్ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని ముందు నిలబడినప్పుడు నాకు శైలి కన్నా ఆ తిండి సంగతే ముందు గుర్తొస్తుంది. రాళ్లు మోసినవాళ్లలో ఎందరు ఆ ఆవరణలో తర్వాత ప్రార్థనకు వచ్చారో, వాళ్ల పిల్లలు అక్కడే ఎందరు బాప్తిస్మం తీసుకున్నారో లెక్క కట్టినవాళ్లు ఉంటే ఎంత బాగుండేది.

వారమ్ పెర్సీలో ఆ లెక్క కట్టారు. మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1950లో అక్కడ మొదటి గునపం వేశాడు. పాత పటాల్లో, పన్నుల పత్రాల్లో మాయమైన ఊళ్లను వెతకడం అతని పని. కొద్ది కాలానికే పురావస్తు శాస్త్రజ్ఞుడు జాన్ హర్స్ట్ తోడయ్యాడు. ఇద్దరూ కలిసి ప్రతి ఎండాకాలం అక్కడ తవ్వారు, 1990 వరకు. నలభై ఏళ్లు ఒకే ఊరిని తవ్వడం ఎక్కడా మామూలు కాదు. విద్యార్థులు, బడిపంతుళ్లు, సెలవు పెట్టుకుని వచ్చిన ఉద్యోగులు వచ్చి చేతులు కలిపారు. చర్చి లోపలా చుట్టుపక్కలా సుమారు ఏడు వందల అస్థిపంజరాలు దొరికాయి. ఎక్కువ భాగం మధ్యయుగపు పల్లె జనానివే. అంతకుముందు ఇంగ్లండులో మధ్యయుగపు ఎముకలు చాలావరకు పట్నాలవీ మఠాలవీ. దుక్కి దున్నినవాడి ఒంటిని ఇంత దగ్గరగా చూడటం అరుదు.

ఆ ఎముకలు చెప్పిన సంగతులు ముక్కుసూటిగా ఉన్నాయి. పిల్లలు ఈనాటి అదే వయసు పిల్లల కంటే బాగా పొట్టి. పెద్దయ్యేసరికి ఆ తేడా చాలావరకు తగ్గింది, అంటే ఎదుగుదల నెమ్మదిగా, ఆలస్యంగా సాగింది. తల్లులు సుమారు ఏడాదిన్నర దాకా చనుబాలు ఇచ్చేవాళ్లని ఎముకల్లోని రసాయనాలను బట్టి తేల్చారు. ఒక మగమనిషి పుర్రె మీద దెబ్బ తగిలిన గాయం ఉంది. ఆ గాయం దగ్గర పుర్రెను చెక్కి, విరిగిన ఎముక ఒత్తిడి తీసేశారు. చెక్కిన అంచు మానిపోయి ఉంది. అంటే వెయ్యేళ్ల కిందట ఆ గుట్టల్లో ఎవరో ఒకరికి పుర్రె తెరవడం తెలుసు, ఆ మనిషి దాని తర్వాత చాన్నాళ్లు బతికాడు. కమానుల కింద నిలబడింది ఇలాంటివాళ్లు. పొట్టిగా పెరిగి, ఆలస్యంగా ఎదిగి, గాయాలు మాన్పుకుని, వసారాకు రాళ్లు మోసినవాళ్లు.

శిథిలాన్ని ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ సంరక్షిస్తోంది. తిరిగి కట్టలేదు, పడకుండా మాత్రం చూశారు. అదే సరైన పని అని నా గట్టి అభిప్రాయం. తిరిగి కట్టాలంటే ఏ శతాబ్దానిది కట్టాలి? వసారాలతో నిండుగా ఉన్న 13వ శతాబ్దానిదా, వసారాలు తీసేసి కిటికీలు పెట్టుకున్న 15వ శతాబ్దానిదా, పొట్టి ఛాన్సెల్‌తో తిక్సెన్‌డేల్ జనం వచ్చిన 17వ శతాబ్దానిదా? ఏది ఎంచుకున్నా మిగతా తరాల పని చెరిపేయాల్సిందే. స్ట్రీట్ తరంలో చాలామంది శిల్పులు ఆ పనే చేశారు. 13వ శతాబ్దమే మంచిదని తేల్చి, తర్వాత వచ్చినవన్నీ పీకి, లేనివి ఊహించి పెట్టారు. పాత గోడల సున్నం గీకేశారు, దాని కిందున్న బొమ్మలూ గీకుడు రాతలూ చాలాచోట్ల దాంతోపాటే పోయాయి. కవి, కళాకారుడు విలియం మారిస్ ఆ వరస చూసి కడుపుమండి 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. మరమ్మతు చేయండి, వెనక్కి తిప్పకండి అన్నది వాళ్ల పట్టు.

మన దగ్గర కోస్తాలోనూ తెలంగాణలోనూ నూరేళ్లు దాటిన పల్లె చర్చిలు ఎన్నో ఉన్నాయి. ఇరుకైపోయాయని చాలావాటిని కూల్చి కాంక్రీటుతో పెద్దవి కడుతున్నారు. జనం పెరిగినప్పుడు పెద్దది కావాలి, ఆ అవసరాన్ని నేను కాదనను. కూల్చే ముందు మాత్రం రెండు పనులు జరిగితే బాగుంటుంది. ఒకటి, పాత కట్టడం కొలతలు తీసి, ఏ గోడ ఎప్పటిదో, ఏ వరండా ఎవరి హయాంలో వేశారో ముసలివాళ్లను అడిగి రాసి పెట్టడం. రెండోది, చర్చి పెట్టెలోని బాప్తిస్మపు రిజిస్టర్లు, చందా పుస్తకాలు, కోత పండగకు ఎవరు ఎన్ని కుంచాల వడ్లు, ఎన్ని కోళ్లు తెచ్చారో రాసిన నోటు పుస్తకాలు పాత కాగితాల వాడికి పోకుండా చూడటం. మోర్‌బాత్ గొర్రెల లెక్క నాలుగు వందల ఎనభై ఏళ్ల తర్వాత ఒక చరిత్రకారుడి చేతికి అందింది. మన కుంచాల లెక్క కూడా అంత దూరం ప్రయాణించగలదు, చెదలు పట్టని చోట పెడితే.